గట్టి బండి

కమాన్ల మేస్త్రికి తెలిసిన మెచ్చుకోలు మాట ఒక్కటే: గట్టిది. కుర్చీ నచ్చితే గట్టి కుర్చీ. కాఫీ నచ్చితే గట్టి కాఫీ. మనిషి నచ్చితే గట్టి మనిషి. అద్దె ఇల్లు చూడటానికి వెళ్లినా, గదులెన్ని, నీళ్లొస్తాయా అని అడిగే పని పెళ్లానికి వదిలేసి, తాను మాత్రం గోడ మీద పిడికిలితో రెండు గుద్దులు గుద్దేవాడు. "గట్టిదే" అన్నాడంటే ఇల్లు ఖాయమైనట్టు. ఇంటిగలాయన బిత్తరపోయి చూసినా ఆయనకు పట్టేది కాదు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. వయసంతా బస్సు డిపోలో, బస్సుల కడుపు కింద గడిపిన మనిషి. బస్సు బరువంతా చక్రాల మీద మోసేది ఇనుప పట్టీల కట్టలు. వాటినే కమాన్లంటారు. విరిగిన పట్టీ తీసి కొత్తది వేయడం, కట్ట మళ్లీ బిగించడం ఆయన పని. బస్సులో సీట్లెన్నో రాసి ఉంటుంది గానీ ఎక్కే జనం అది చదివి ఎక్కరు. మెట్టు మీద వేలెడు చోటు దొరికినా అదీ సీటే. అలాంటి బస్సుకి మెత్తని కమాను వేస్తే మొదటి మలుపులోనే ఒరిగిపోతుంది. అందుకే డిపోలో మెత్తదనం అంటే రోగం, గట్టిదనం అంటే ఆరోగ్యం. చివరికి ఆ పేరే ఆయనకు స్థిరపడింది. రిటైరైన రోజు ఆఫీసరు ఆయన అసలు పేరు చదివితే, ఎవరబ్బా అని పక్కవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

ఆయన భార్య ఉద్యోగమూ బస్సులతోనే. ఊరి నడిబొడ్డున ఉన్న బస్టాండులో, ప్లాట్‌ఫారాల వైపు అద్దాలు బిగించిన చిన్న గదిలో కూర్చుని, ఏ బస్సు ఎటు పోతుందో, ఎక్కడ నిలబడి ఉందో, ఎంత ఆలస్యమో మైకులో చెప్తుంది. అందరికీ ఆవిడ మైకమ్మ. పెళ్లికి ముందు మేస్త్రి ఆమెతో అన్న తొలి మాట, "మీ గొంతు చాలా గట్టిదండీ." ఇంకొకడైతే కోయిలనో వీణనో మధ్యలోకి లాక్కొచ్చేవాడు. ఆమెకు మాత్రం ఈ మాటే నచ్చింది. ఎందుకు నచ్చిందో ఆమెనే అడగాలి.

మైకమ్మ వేళలు చదివి ఊరుకునే రకం కాదు. బస్సు ఆలస్యమైతే, "ఈలోగా వెళ్లి కాఫీ తాగి రండి, రాగానే నేను పిలుస్తాను" అని భరోసా ఇచ్చేది. తప్పిపోయిన పిల్లాడు ఏడుస్తూ గదికొస్తే, వాడి చొక్కా రంగు చెప్పి, "బాబు చేతిలో సగం బిస్కెట్టుంది, అదయ్యేలోపు రండి" అని తల్లిని పిలిచేది. ఆ తల్లి పరుగెత్తుకొచ్చేసరికి బస్టాండులో సగం మంది నవ్వుతూ దారిచ్చేవారు. ఇంట్లో మాత్రం ఆమె పెద్దగా మాట్లాడదు. ఉన్న మాటలన్నీ అక్కడే ఖర్చయిపోతాయని మేస్త్రి వేళాకోళం చేసేవాడు.

అలాంటి మనిషికి నడుం జబ్బు చేసింది. వెన్నుపూస పక్కకి జరిగి నరాన్ని నొక్కుతోందన్నారు, ఆపరేషన్ చేశారు, చాలాకాలం పడుకోబెట్టారు. ఆమె సెలవులో ఉన్నన్నాళ్లు బస్టాండులో మిషన్ మాట్లాడింది. ముందే రికార్డు చేసి పెట్టిన గొంతు. బస్సు సరిగ్గా వచ్చినా, అసలు రాకపోయినా దానికి ఒకటే సంతోషం. పిల్లాడు తప్పిపోయిన సంగతి దానికి తెలియదు. మేనేజరు మంచివాడే, ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాడు: "సెలవు ముగిసేలోపు వచ్చి కూర్చున్నారా, సీటు మీదే. రాలేదా, మిషన్‌నే ఉంచేస్తామని పైవాళ్లు తేల్చేశారమ్మా."

డాక్టరేమో కూర్చోవచ్చు, నడవచ్చు, ఉద్యోగానికీ వెళ్లొచ్చు అన్నాడు. కుదుపులు మాత్రం పనికిరావట. ఇక్కడే వచ్చింది చిక్కు. ఇంటికీ బస్టాండుకీ మధ్య సగం ఊరుంది, ఆ రోడ్డు నిండా గుంతలున్నాయి. బస్సు మాట మేస్త్రి ఎత్తనివ్వలేదు. బస్సు వెనక సీటు ఎలా తంతుందో ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? అలా తన్నేలా బిగించింది ఆయనే కదా. మిగిలింది వాళ్ల చిన్న కారు. రంగు వెలిసిన పాత బండి. రోజూ ఆమెను దింపి రావడం, సరుకులు మోయడం, ఎవరికైనా జ్వరమొస్తే ఆస్పత్రికి పరుగెత్తడం, అన్నీ దాని నెత్తినే. ఇంట్లో దాని పేరు డబ్బా.

డబ్బాకీ మైకమ్మకీ ఒకే జబ్బని చెప్పాలి. రెండింటికీ అరిగిపోవలసినవన్నీ అరిగిపోయాయి. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే దారిలో ముందు చక్రం గుంతలో పడ్డప్పుడల్లా కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడు, ఆ వెంటనే బండి పైకీ కిందికీ ఊగడం. ఆమె తలుపు పైన ఉన్న పట్టీని రెండు చేతులతో పట్టుకుని, పళ్ల బిగువున ఇల్లు చేరింది. మంచం మీద వాలి, కాస్త తేరుకున్నాక అంది:

"ముందు ఆ బండిని గట్టిగా చెయ్యండి. దాని వెనకే నేనూ గట్టిపడతాను."

ఆమె మామూలుగా అన్న మాట అది. మేస్త్రి మాత్రం దాన్ని గుండెలో రాసుకున్నాడు.

మర్నాడే బావమరిది షాపుకి వెళ్లాడు. మైకమ్మ తమ్ముడికి కార్ల స్పేర్ పార్టుల దుకాణం ఉంది. బావ గుమ్మంలో కనపడగానే అతను లేచి నిలబడి లేని టోపీ తీసి దండం పెట్టాడు.

"ఏం బావా, ఇనుం వాసన లేకపోతే అన్నం సయించట్లేదా?"

"నీ మొహం చూశాక ఎలాగూ సయించదులే. మీ అక్క కోసం వచ్చాను. బండి కింద సామానంతా మార్చాలి. గట్టివి చూపించు."

బావమరిది రెండు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొదటివి బండి పుట్టినప్పుడు ఉన్నవాటిలాంటి స్ప్రింగులు, ఇనుప భాగాలు కలిసేచోట దూర్చే రబ్బరు బుష్‌లు, కొంచెం మేలురకం షాక్ అబ్జార్బర్లు. స్ప్రింగు ఊగకుండా పట్టి ఆపేవి ఈ షాక్ అబ్జార్బర్లే. వీటికి పక్కన చిన్న మరలాంటిది ఉంది, తిప్పితే మెత్తగానో బిరుసుగానో మారతాయి. రెండో రకం ఎర్ర రంగు స్ప్రింగులు, లావుపాటి తీగతో చుట్టినవి, వాటికి తగ్గ బిరుసు షాక్ అబ్జార్బర్లు. వాటి బుష్‌లు రబ్బరువి కావు, ఏదో బిరుసు ప్లాస్టిక్‌తో చేసినవి. మేస్త్రి రబ్బరు బుష్ తీసుకుని బొటనవేలితో నొక్కాడు. అది నలిగింది. ఆయన మొహం చిట్లించాడు. ప్లాస్టిక్ బుష్ నొక్కాడు. వేలికే నొప్పి పుట్టింది. ఆయన మొహం విప్పారింది.

"ఇదీ సరుకంటే!"

"బావా, అవి రేసులాడే కుర్రాళ్ల కోసం తెప్పించినవి. వాటి మీద అక్కని కూర్చోబెట్టావో, తిన్నగా ఆపరేషన్ బల్ల మీదకే."

మేస్త్రి పగలబడి నవ్వాడు. వాళ్లిద్దరి మధ్య వేళాకోళం తప్ప ఇంకో భాష లేదు. పెళ్లినాటి నుంచీ అంతే. ఒకసారి బావమరిది ఫోన్ చేసి, షాపులోకి వాననీళ్లొచ్చాయి సాయం రమ్మంటే, జోకనుకుని మేస్త్రి తీరిగ్గా స్నానం చేసి వెళ్లాడు. వెళ్లేసరికి మోకాలి లోతు నీళ్లలో డబ్బాలు తేలుతున్నాయి. బావా బావమరుదులు అలా అలవాటు పడ్డాక, నిజం చెప్పాలంటే పక్కన ఇంకో మనిషిని సాక్ష్యం పెట్టుకోవాలి. ఈసారి బావమరిది నవ్వకుండా చెప్పాడన్న సంగతి మేస్త్రి చూడనే లేదు. ఎర్ర స్ప్రింగులు భుజానేసుకుని వచ్చేశాడు.

ఇంటి ముందు రేకుల పంచలో పని మొదలెట్టాడు. జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి, చక్రాలు విప్పాడు. కిటికీలోంచి మైకమ్మ దిండుకు ఆనుకుని చూస్తోంది. పాత షాక్ అబ్జార్బరు నూనె కారి జిడ్డోడుతోంది. నొక్కితే లోపలికి పోయి ఇక బయటికి రానని మొండికేసింది. పైన దాన్ని పట్టి ఉంచే రబ్బరు గుండ్రం చేత్తో పట్టుకోగానే పొడిపొడిగా రాలింది. చప్పుడంతా అక్కడి నుంచే. అన్నీ తీసి పారేసి కొత్తవి బిగించాడు. డిపో అలవాటు కొద్దీ పొడవాటి పానాతో, ఒళ్లంతా వాల్చి మరీ బిగించాడు. టైర్లలో గాలి కూడా ఉండాల్సినదాని కంటే బాగా ఎక్కువ కొట్టాడు. పనయ్యేసరికి డబ్బా రొమ్ము విరుచుకుని ఎత్తుగా నిలబడింది. మేస్త్రి బానెట్ మీద రెండు చేతులూ వేసి బలమంతా పెట్టి నొక్కాడు. బండి చలించలేదు.

"చూశావా!" అన్నాడు కిటికీ వైపు తిరిగి.

ఆ సాయంత్రమే ఆమెను ఎక్కించుకుని వీధి చివరిదాకా, అక్కడి నుంచి పెద్దరోడ్డు మలుపుదాకా తిప్పి తెచ్చాడు. చప్పుడన్నది లేదు, ఊగడం లేదు. స్టీరింగు చేతిలో గుండ్రాయిలా నిలిచింది. మేస్త్రికి డిపోలో కొత్త బస్సు బయటికి తీసిన రోజంత సంబరంగా ఉంది.

"ఎలా ఉంది?"

"బాగుందండీ" అంది మైకమ్మ.

ఎంతో చక్కగా, తేటగా అంది. ఆలస్యానికి చింతిస్తున్నాం అని బస్టాండులో చెప్పే గొంతు అది. లోపల ఎంత విసుగున్నా, ఎంత నొప్పి ఉన్నా పైకి తేలని గొంతు. అన్నేళ్లు కాపురం చేసిన మనిషి అది పోల్చుకోవద్దూ? పోల్చుకోలేదు. ఆనందం మనిషి చెవులను ముందు మూస్తుంది.

తర్వాత ఏం జరిగిందంటే ఏమీ జరగలేదు. రోజూ కాస్త కాస్త తిరిగి అలవాటు చేసుకుందామని మేస్త్రి అంటే, ఆమె ఒకనాడు తలనొప్పన్నది. ఒకనాడు ఎండగా ఉందన్నది, ఇంకోనాడు మబ్బుగా ఉందన్నది. బండి తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడటం, మళ్లీ దాన్ని మేకుకి తగిలించడం మేస్త్రి వంతైంది. ఆమె ఇంకా కోలుకోలేదు కాబోలని ఆయన సరిపెట్టుకున్నాడు. సెలవు మాత్రం ఎవరికోసమూ ఆగకుండా కరిగిపోతోంది.

చివరికి విషయం బయటపెట్టింది బావమరిదే. ఒకరోజు వచ్చి పంచలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు నీళ్లు నమిలాడు. వేళాకోళం ఆడలేదు. దాంతో మేస్త్రీ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"బావా, అక్క నాకు ఫోన్ చేసింది. ఇక రానని మేనేజరుతో నన్ను చెప్పెయ్యమంది. తన నోటితో చెప్పలేనంది. నీకు చెప్పొద్దంది."

"రానంటుందా? ఎందుకు? బండి బాగుందని చెప్పింది కదరా!"

"ఆ రోజు బండెక్కి దిగాక రాత్రంతా నిద్ర లేదట. చెప్పాను కదా బావా, అవి రేసు స్ప్రింగులని."

"ఎప్పుడు చెప్పావు?"

"షాపులో."

"అది జోక్ కదరా!"

"జోకైతే నేను నవ్వేవాణ్ని కదా."

మేస్త్రి లేచి, మేకు నుంచి తాళంచెవి తీసి బావమరిది చేతిలో పెట్టాడు. "నువ్వు నడుపు" అని, వెళ్లి ఎడం పక్క, ఆమె కూర్చునే చోట కూర్చున్నాడు.

ఆ సీట్లో ఆయన ఎప్పుడూ కూర్చుని ఎరగడు. డబ్బాని నడిపాడు, కడిగాడు, దాని కింద పడుకున్నాడు, దాన్ని తిట్టాడు, అంతే. స్టీరింగు పట్టుకున్నవాడికి గుంత ముందే కనపడుతుంది, ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది. పక్కన కూర్చున్న మనిషికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు, దెబ్బ చెప్పకుండా వస్తుంది. మొదటి గుంతకే మేస్త్రి పళ్లు టకీమన్నాయి. రెండోదానికి నడుం నుంచి మెడదాకా ఎవరో గుంజ పాతినట్టయింది. రోడ్డు మీద అతుకులు వేసిన చోట బండంతా గడగడలాడింది. అప్పుడు తట్టింది ఆయనకు. ఈ బండిలో ఎక్కేది బక్కపలచని మనుషులిద్దరు. మెట్ల మీద వేలాడే జనం లేరు. తామిద్దరూ ఎక్కామని ఆ స్ప్రింగుకి తెలియను కూడా తెలియదు. అణగనే అణగదు. రోడ్డు కొట్టే దెబ్బంతా తిన్నగా పైకి పంపిస్తుంది.

"ఆపరా" అన్నాడు. బండి రోడ్డు వారగా ఆగింది. ఆయనకు తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. నొప్పితో ఉన్న మనిషిని ఈ బల్ల మీద కూర్చోబెట్టి, పక్కనుంచి ఎలా ఉంది, ఎలా ఉంది అని అడిగాడు. ఆమె పాపం బాగుందంది. కళ్లు తుడుచుకున్నాడు. బావమరిది అటువైపు ఏదో కొత్త షాపు కట్టినట్టు బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి మైకమ్మ ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"బాగుందన్నావు" అన్నాడు మేస్త్రి.

ఆమె తలెత్తింది. తమ్ముడి మొహం, మొగుడి మొహం చూసింది. సంగతి తెలిసిపోయింది.

"అన్నాను."

"బాగాలేదు కదా."

"లేదు."

"మరెందుకన్నావు?"

"ఎలా చెప్పమంటారు? కారు కింద నుంచి లేచి వచ్చి, పరీక్ష పాసైన పిల్లాడిలా నిలబడ్డారు. ఆ మొహం చూశాక బాగాలేదని ఏ నోటితో చెప్పను?"

"గట్టిగా చెయ్యమన్నది నువ్వే కదా!"

"గట్టిగా అంటే రాతిబండలా అని ఎవరన్నారండీ? దారిలో ఆగిపోకుండా, ఊడి పడిపోకుండా, నన్ను పదికాలాలు తిప్పేలా చెయ్యమన్నాను. ఆ మాత్రం అర్థం కాదా?"

"నాకు తెలిసింది ఒక్క గట్టే" అన్నాడు మేస్త్రి మెల్లగా.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏడుపే గెలిచింది. "నడుం నొప్పి ఎలాగోలా ఓర్చుకుంటానండీ. మైకు పోతుందంటేనే తట్టుకోలేకపోతున్నాను. ఆ గదిలో కూర్చుంటేనే నేను నేనుగా ఉంటాను" అంది. చేతిలో ఉన్న తువ్వాలు మడత విప్పి మళ్లీ మడతపెట్టింది. మేస్త్రి వెళ్లి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"సెలవింకా అయిపోలేదు కదా. ఇంకొక్కసారి చేస్తాను. ఈసారి మాత్రం బాగాలేకపోతే బాగాలేదను. మొహమాటపడకు, గట్టిగా చెప్పు."

"ఏ గట్టి?" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ.

"మైకు గట్టి" అన్నాడు మేస్త్రి.

రెండోసారి పని బావమరిది షాపు వెనక ఉన్న ఖాళీ స్థలంలో జరిగింది. ఎర్ర స్ప్రింగులు దిగిపోయాయి. మామూలు స్ప్రింగులు, మర తిప్పే షాక్ అబ్జార్బర్లు, మెత్తని రబ్బరు బుష్‌లు ఎక్కాయి. ఒకప్పుడు చూసి మొహం చిట్లించిన ఆ బుష్‌నే మేస్త్రి ఇప్పుడు వేళ్ల మధ్య నలుపుతూ, "నలగాలి, ఇది నలిగితేనే మనిషి నలగడు" అని బావమరిదికి పాఠం చెప్పాడు. బావమరిది చేతులు కట్టుకుని బుద్ధిగా విన్నాడు. ఆ తర్వాత ఆపుకోలేక, "ఇది నాకు తెలియదు సుమా" అన్నాడు.

కానీ ఒక సంగతి మేస్త్రికి నిజంగానే తెలియదు. అది బావమరిది చెప్పాడు, చెప్పేముందు "ఇది జోక్ కాదు బావా" అని మరీ చెప్పాడు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా ఈ రబ్బరు బుష్‌లని గట్టిగా బిగించేయకూడదు. బిగించిన తీరులోనే రబ్బరు పట్టేసుకుంటుంది. ఆ తర్వాత బండిని నేల మీదకి దించితే, అది నడుం మెలిపెట్టుకుని కూర్చున్న మనిషిలా ఎప్పుడూ మెలికపడే ఉంటుంది. బిరుసెక్కుతుంది, తొందరగా చిరిగిపోతుంది. చక్రాలు నేలను ఆని, మోసే బరువు పైనుండగా చివరి బిగింపు వేయాలి.

"మోసే బరువంటే?"

"రోజూ ఎవరు కూర్చుంటారో వాళ్లు."

మేస్త్రి వెళ్లి భార్యను పిలుచుకొచ్చాడు. బండిని రెండు ఇనుప వాలుబల్లల మీదికి ఎక్కించి, చక్రాలకు అడ్డు పెట్టారు. డ్రైవరు సీట్లో బావమరిది కూర్చున్నాడు. తన సీట్లో మైకమ్మ కూర్చుంది. మేస్త్రి కింద దూరి వెల్లకిలా పడుకున్నాడు. ఇప్పుడు ఇద్దరి మధ్యా ఒక్క రేకు.

"కూర్చున్నావా?"

"కూర్చున్నాను."

"ఎప్పుడూ కూర్చున్నట్టే కూర్చో. బిగుసుకుపోకు."

"లేదండీ."

"బిగుసుకున్నావు. మాటలో తెలుస్తోంది. తలుపు పైన పట్టీ పట్టుకున్నావా?"

ఆమె పట్టుకునే ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు మొదలు ఆ బండిలో ఆమెకు అదే అలవాటైపోయింది.

"ఇదిగో, ఒక మాట వింటావా" అన్నాడు మేస్త్రి కింద నుంచి. మొహం కనపడకపోతే కొన్ని మాటలు సులువుగా వస్తాయి. "మొదటిసారి చేసినప్పుడు నేను నీ గురించి ఆలోచించలేదు. బండి గురించే ఆలోచించాను. నా పనితనం గురించి ఆలోచించాను. తప్పు నాదే."

పైనుంచి గొంతు వినిపించింది. తేటగా, తీరుగా, బస్టాండంతా వినపడే గొంతు.

"ప్రయాణికులకు గమనిక. కారు కింద పడుకున్న మేస్త్రి గారు ఎక్కడున్నా సరే, తమ తప్పు ఒప్పుకున్నందున, పని ముగించుకుని వెంటనే బయటికి రావలసిందిగా కోరుతున్నాం. వారి భార్యకు కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి."

బావమరిది స్టీరింగు మీద తల ఆనించి నవ్వాడు. మేస్త్రి నవ్వితే పొట్ట పైనున్న ఇనుముకి తగిలింది, అబ్బా అన్నాడు. అది విని ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ పట్టీ వదిలేసి వెనక్కి వాలింది. బండి ఒక్క పిసరు కిందికి దిగడం మేస్త్రి కళ్లారా చూశాడు. పానా అందుకుని అప్పుడు బిగించాడు.

మర్నాటి నుంచి ముగ్గురూ ఊరి మీద పడ్డారు. వెనక సీట్లో బావమరిది, ముందు వాళ్లిద్దరు. ఆమె ఇక మొహమాటపడలేదు. "స్కూలు ముందు గుంత, పర్లేదు." "పెట్రోలు బంకు మలుపు, బాగాలేదు, వెనక నుంచి తన్నింది." "ఇది అసలు తెలియలేదు, మళ్లీ ఒకసారి పోనివ్వండి." మేస్త్రి బండి ఆపడం, దిగి షాక్ అబ్జార్బరు మర కాస్త తిప్పడం, టైర్లో గాలి కాస్త వదలడం, మళ్లీ అదే గుంత మీదికి పోవడం. తెలిసి తెలిసి గుంత వెతుక్కుంటూ పోయే కారుని చూసి రోడ్డు మీద జనం గుడ్లప్పగించారు. తలప్రాణం తోకకొచ్చిందని బావమరిది మొత్తుకున్నాడు, అయినా రోజూ అందరికంటే ముందు వచ్చి ఎక్కాడు. ఒకచోట మాత్రం, రైలు పట్టాలు దాటే దగ్గర, ఎంత తిప్పినా కుదుపు పోలేదు. పట్టాలు పట్టాలే, వాటికి ఏ స్ప్రింగూ చాలదు. అక్కడ నెమ్మదిగా నడవాలి, అంతే. మేస్త్రి ఆ మాట ఒప్పుకోవడానికే చాలా సమయం పట్టింది.

సెలవు ముగియకముందే ఆమె పనిలో చేరింది. ఆ ఉదయం ఆమె గదిలోకి వెళ్లాక మేస్త్రి ఇంటికి పోకుండా ప్లాట్‌ఫారం మీద, స్తంభం పక్కన నిలబడ్డాడు. మిషన్ ఏదో బస్సు గురించి సంతోషంగా చెప్తూ చెప్తూ మాట మధ్యలో ఆగిపోయింది. టక్కుమని చప్పుడు. చిన్న దగ్గు.

"అందరికీ నమస్కారం. ఇన్నాళ్లు మీకు మిషన్ చెప్పింది. అది చెప్పిన బస్సులు ఎవరికైనా దొరక్కపోతే క్షమించండి. ఇప్పుడు నేను చెప్తాను."

బయల్దేరబోతున్న బస్సు డ్రైవరొకడు హారన్ మోగించాడు. అది విని ఇంకొకడు, వాణ్ని చూసి ఇంకొకడు. ఏమైందో తెలియని ప్రయాణికులు చెవులు మూసుకున్నారు. మేస్త్రి పక్కన ఎవరో పెద్దాయన, "ఏంటండీ ఈ గోల?" అని అడిగాడు. మేస్త్రి అద్దాల గది వైపు వేలు చూపించాడు.

సాయంత్రం డ్యూటీ దిగి ఆమె బండెక్కింది. రోజంతా జరిగినవి చెప్తుందని మేస్త్రి ఎదురుచూశాడు. రెండు వీధులు దాటేదాకా చెప్పింది, తర్వాత మాటలు తగ్గాయి. పెట్రోలు బంకు మలుపు దాటింది, ఆమె ఏమీ అనలేదు. స్కూలు ముందు గుంత వచ్చింది, అక్కడా ఏమీ అనలేదు. మేస్త్రికి అనుమానమొచ్చింది. నొప్పి మొదలైనట్టుంది, మళ్లీ దాచుకుంటోంది, రేపు మళ్లీ తలనొప్పంటుంది. పట్టాల దగ్గర బాగా నెమ్మది చేసి, బండిని ఒక్కో చక్రమే దాటించి, అప్పుడు ధైర్యం చేసి పక్కకి చూశాడు.

మైకమ్మ నిద్రపోతోంది. తల పక్కకి వాలింది, నోరు కాస్త తెరుచుకుంది, చేతులు రెండూ అరచేతులు పైకి తిరిగి ఒళ్లో పడి ఉన్నాయి. పట్టాలు దాటిన సంగతే ఆమెకు తెలియలేదు.

ఇంటి సందు వచ్చింది. మేస్త్రి తిప్పలేదు. తిన్నగా పోయి, పెద్దరోడ్డు చుట్టి, మళ్లీ వచ్చాడు. అప్పటికీ ఆమె కదల్లేదు, ఇంకోసారి చుట్టాడు. గేరు మార్చినా ఎక్కడ మేలుకుంటుందో అని పిల్లను ఎత్తుకున్నట్టు నడిపాడు. మూడోసారి సందు దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్లు తెరిచి, బయట దీపాలు వెలగడం చూసి గాభరాగా సర్దుకుంది.

"అయ్యో, చీకటి పడిపోయింది. ఇంతసేపు పట్టిందేంటండీ?"

"ట్రాఫిక్" అన్నాడు కమాన్ల మేస్త్రి. ముందు రోడ్డంతా ఖాళీగా ఉంది.